వసూలు ఫోను వస్తే తల దించుకోవద్దు

నార్త్ కరోలినా రాజ్యాంగం, మొదటి అధికరణం, 28వ సెక్షన్ చూడండి. మోసం జరిగితే తప్ప, అప్పు తీర్చలేదన్న కారణంతో ఈ రాష్ట్రంలో ఎవరినీ జైల్లో పెట్టకూడదని అందులో ఉంది. మోరిస్‌విల్‌లో ఉంటున్న ప్రతి తెలుగు కుటుంబానికీ ఈ సంగతి తెలిసి ఉండాలి. తెలియకపోతే ఎవడో ఫోను చేసి "సాయంత్రానికల్లా పోలీసులు వస్తారు" అనగానే క్రెడిట్ కార్డు నంబరు వాడి చేతిలో పెట్టేస్తాం.

ఈ ఊళ్ళో అప్పు గురించి ఎవరూ పైకి మాట్లాడరు. రీసెర్చ్ ట్రయాంగిల్ పార్కులో ఉద్యోగం, ఏవియేషన్ పార్క్‌వే మీద గుడి, చర్చ్ స్ట్రీట్ పార్కులో క్రికెట్. చూసేవాళ్ళకు అందరూ బాగానే ఉన్నట్టు కనిపిస్తారు. లేఆఫ్ వచ్చిన నెలలో మాత్రం లెక్క మారిపోతుంది. హెచ్-1బీ మీద ఉన్నవాళ్ళకు ఉద్యోగం పోయాక గడువు 60 రోజులకు మించదు. ఆ రోజుల్లోనే కొత్త ఉద్యోగం వెతుక్కోవాలి, ఇన్సూరెన్స్ చూసుకోవాలి, అపార్ట్‌మెంట్ లీజు సంగతి తేల్చుకోవాలి. కార్డు బాకీ వెనకబడేది అప్పుడే. మూడు నాలుగు నెలలు తిరిగేసరికి తెలియని నంబర్ల నుంచి ఫోన్లు మొదలవుతాయి.

అప్పుడు మనలో చాలామంది చేసే పనులు రెండే. కొందరు భయపడి, అడిగిందే తడవుగా కట్టేస్తారు. ఇంకొందరు సిగ్గుపడి ఫోను ఎత్తరు, ఉత్తరం విప్పరు, భార్యకో భర్తకో చెప్పరు. రెండూ నష్టమే. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే: అప్పు సంగతి ఫోనులో తేల్చకండి, కాగితం మీదికి తీసుకురండి. ఫోనులో మాట్లాడుతున్నంతసేపూ బలం అవతలివాడిది. కాగితం మీదికి రాగానే చట్టం మీ పక్కన నిలబడుతుంది.

ముందు, మాట్లాడుతున్నది ఎవరో తేల్చుకోండి. అమెరికాలో ఉన్న భారతీయులతో సహా ఎందరినో పన్ను బాకీ పేరుతో, అరెస్టు పేరుతో, దేశం నుంచి పంపించేస్తామన్న బెదిరింపుతో దోచుకున్న కాల్ సెంటర్ల కథ మరచిపోకూడదు. అహ్మదాబాద్ నుంచి నడిచిన ఆ ముఠాల మీద అమెరికా న్యాయశాఖ 2016 అక్టోబరులో భారీ కేసు పెట్టింది. 2018లో 20 మందికి పైగా నిందితులకు శిక్షలు పడ్డాయి, కొందరికి 20 ఏళ్ళ దాకా. వాళ్ళు ఆడుకున్నది మనం దాచుకునే భయంతోనే. వీసా పోతుందేమో, గ్రీన్‌కార్డు ఆగిపోతుందేమో అనే భయం. కట్టని క్రెడిట్ కార్డు బాకీ దేశం నుంచి పంపించేయడానికి కారణం కాదు. ఆ మాట ఎత్తిన ఏజెంటు చట్టం తెలియనివాడైనా అయి ఉండాలి, దొంగ అయినా అయి ఉండాలి. గిఫ్ట్ కార్డులు కొని నంబర్లు చదవమన్నాడంటే ఇక అనుమానం కూడా అక్కర్లేదు, ఫోను పెట్టేయండి.

మొదటి ఫోనులో మీరు అనవలసినవి నాలుగు మాటలు: "మీ పేరేమిటి? ఏ కంపెనీ? మీ చిరునామా ఏమిటి? వివరాలు ఉత్తరంలో పంపండి." అంతే. "అవును, ఆ బాకీ నాదే" అనకండి. సోషల్ సెక్యూరిటీ నంబరు, బ్యాంకు ఖాతా వివరాలు చెప్పకండి. ఉద్యోగం పోయిన కథ, ఇంట్లో సమస్యలు వాడితో చెప్పుకోకండి. అవి వినడానికి వాడు మీ మేనమామ కాదు. గొంతు వణుకుతుందనుకుంటే ఈ నాలుగు మాటలూ కాగితం మీద రాసి ఫోను పక్కన పెట్టుకోండి. రెండుసార్లు పైకి చదివి చూసుకోండి కూడా. ఇంటర్వ్యూకి ఎంత సాధన చేస్తామో దీనికీ అంత చేయాలి. ఎందుకంటే అవతలివాడికి ఇది రోజూ చేసే పని, మనకు కొత్త.

ఇక చట్టం. వసూలు ఏజెన్సీల ఆగడాలను అదుపు చేయడానికి అమెరికా కాంగ్రెస్ 1977లో ఫెయిర్ డెట్ కలెక్షన్ ప్రాక్టీసెస్ చట్టం తెచ్చింది. ఆ ఏడాది సెప్టెంబరులో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం చేశారు. దాని ప్రకారం వసూలు ఏజెంటు ఉదయం 8 లోపు, రాత్రి 9 తర్వాత ఫోను చేయకూడదు. తిట్టకూడదు, బెదిరించకూడదు, తాను పోలీసునో లాయరునో అని అబద్ధం చెప్పకూడదు. ఆఫీసులో ఇలాంటి ఫోన్లు కుదరవని మీరు చెబితే అక్కడికి చేయడం ఆపాలి. మీ పక్కింటివాళ్ళకో, మీ మేనేజరుకో, గుళ్ళో పరిచయమైనవాళ్ళకో మీ బాకీ సంగతి చెప్పకూడదు. మీ చిరునామా, ఫోను నంబరు, పనిచేసే చోటు తెలుసుకోవడానికి మాత్రమే ఇతరులను అడగవచ్చు, అదీ మామూలుగా ఒక్కసారే. 2021 నవంబరు 30 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనల ప్రకారం ఒక బాకీకి ఏడు రోజుల్లో ఏడుసార్లకు మించి ఫోను చేస్తే దాన్ని వేధింపు కిందే లెక్కిస్తారు. ఒకసారి మీతో మాట్లాడాక మళ్ళీ ఏడు రోజులు ఆగాలి. మెసేజ్‌లూ ఈమెయిళ్ళూ వద్దంటే ఆపాలి.

ఈ కేంద్ర చట్టం ప్రధానంగా వేరేవాళ్ళ బాకీ వసూలు చేసే ఏజెన్సీలకూ, వాళ్ళ తరఫు లాయర్లకూ వర్తిస్తుంది. మీకు కార్డు ఇచ్చిన బ్యాంకే నేరుగా ఫోను చేస్తే వర్తించదు. అయితే నార్త్ కరోలినాలో ఉన్నవాళ్ళకు ఇక్కడొక మేలు ఉంది. ఈ రాష్ట్రపు సొంత వసూళ్ళ చట్టం అసలు అప్పు ఇచ్చినవాళ్ళను కూడా కట్టడి చేస్తుంది. ఒక్కో ఉల్లంఘనకు 500 నుంచి 4,000 డాలర్ల దాకా కోర్టు జరిమానా వేయవచ్చు. కేంద్ర చట్టం కింద అయితే అసలు నష్టం కాకుండా 1,000 డాలర్ల దాకా ఇప్పించవచ్చు, లాయరు ఫీజు కూడా. ఆ కేసు మాత్రం ఏడాది లోపు వేయాలి. ఎవరు, ఎప్పుడు, ఏమన్నారో ఒక నోట్‌బుక్‌లో రాసుకోమనడం అందుకే. నార్త్ కరోలినాలో ఫోను సంభాషణను అందులో పాల్గొంటున్న ఒక్కరు ఒప్పుకున్నా రికార్డు చేయవచ్చు. అవతలివాడు వేరే రాష్ట్రంలో ఉంటే అక్కడి నియమం వేరుగా ఉండవచ్చు కాబట్టి, రికార్డు చేస్తున్నానని ముందే చెప్పేయండి. ఆ మాట వినగానే గొంతులు ఎంత మర్యాదగా మారతాయో మీరే చూస్తారు.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన ఉత్తరం సంగతి. ఏజెన్సీ మిమ్మల్ని మొదటిసారి సంప్రదించిన ఐదు రోజుల్లో ఒక నోటీసు పంపాలి. అసలు అప్పు ఎవరిది, ఎంత, వడ్డీ ఎంత కలిపారు, ఎంత కట్టారు అన్న లెక్క అందులో ఉండాలి. అది అందాక మీకు 30 రోజులు. ఆ లోపు "ఈ బాకీని ఒప్పుకోవడం లేదు, రుజువు పంపండి" అని రాతపూర్వకంగా అడిగితే, రుజువు పంపేదాకా వసూలు ఆపి తీరాలి. ఫోనులో అడిగితే ఈ రక్షణ రాదు. ఉత్తరం రాయాలి. పోస్టాఫీసుకు వెళ్ళి సర్టిఫైడ్ మెయిల్‌లో, అందినట్టు రసీదు వచ్చేలా పంపండి. నకలు దాచుకోండి. ఇంగ్లీషు గొప్పగా ఉండనక్కర్లేదు, మూడు వాక్యాలు చాలు. అమెరికా ప్రభుత్వ కన్స్యూమర్ ఫైనాన్షియల్ ప్రొటెక్షన్ బ్యూరో ఇలాంటి ఉత్తరాల నమూనాలను ఉచితంగా ఇస్తోంది.

రుజువు అడగడం బాకీ ఎగ్గొట్టడం కాదు. ఈ విషయంలో మనవాళ్ళకు అనవసరమైన మొహమాటం ఉంది. ఊళ్ళో పచారీ కొట్టులో కూడా ఖాతా పుస్తకం చూసే కదా డబ్బు ఇచ్చేవాళ్ళం! ఇక్కడ పాత బాకీలను బ్యాంకులు అసలు విలువలో చిన్న వంతుకు అమ్మేస్తాయి. కొన్నవాడు ఇంకొకడికి అమ్ముతాడు. చేతులు మారేకొద్దీ పేర్లు తప్పుతాయి, అంకెలు తప్పుతాయి, మీరు కట్టేసింది కూడా కట్టనట్టే ఉండిపోతుంది. ఇంటిపేరు ముందా వెనకా అన్న గందరగోళంతో ఒకరి బాకీ ఇంకొకరి మీద పడటం తెలుగువాళ్ళకు మరీ సులువు. నార్త్ కరోలినా 2009లో ఈ కొనుగోలుదారుల మీద గట్టి నిబంధనలు పెట్టింది. బాకీ తమదేనని చూపే పత్రాలు లేకుండా వాళ్ళు దావా వేయకూడదు, వేసే ముందు 30 రోజుల నోటీసు ఇవ్వాలి.

పాత బాకీ దగ్గర ఇంకో గోతిని చూసి నడవాలి. క్రెడిట్ కార్డు లాంటి మామూలు ఒప్పందాలకు ఈ రాష్ట్రంలో దావా వేసే గడువు మూడేళ్ళు. అది దాటిన బాకీని కొన్నవాళ్ళు దాని మీద కోర్టుకు వెళ్ళడం నిషిద్ధం. అయితే గడువు దాటాక, "మీ మంచితనం చూపించడానికి ఓ 25 డాలర్లు కట్టండి" అని తీయగా అడుగుతారు. కట్టారో, గడియారం మళ్ళీ మొదటి నుంచి తిరగడం మొదలుపెట్టవచ్చు. తేదీలు చూసుకోకుండా పైసా పంపకండి. క్రెడిట్ రిపోర్టు లెక్క వేరు, అక్కడ మచ్చ ఏడేళ్ళ దాకా ఉంటుంది. ఈ రెండు గడువులనూ కలిపి తికమక పడకండి.

ఇంతవరకూ చెప్పినవన్నీ మరచిపోయినా ఫరవాలేదు, ఇది మాత్రం మరచిపోవద్దు: కోర్టు సమన్లు వస్తే విప్పండి. మోరిస్‌విల్ చాలావరకు వేక్ కౌంటీలో, కొద్ది భాగం డర్హమ్ కౌంటీలో ఉంది. సమన్లు షెరిఫ్ కార్యాలయం మనిషి ద్వారా కానీ, సర్టిఫైడ్ మెయిల్‌లో కానీ వస్తాయి. యూనిఫాం వేసుకున్న మనిషి తలుపు కొడితే గుండె జారిపోవడం సహజం. ఆయన కాగితం ఇచ్చి వెళ్ళిపోతాడు, అది అరెస్టు కాదు. అందులో డిస్ట్రిక్ట్ కోర్టు అని ఉంటే 30 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు దాఖలు చేయాలి. చిన్న మొత్తాల దావా మేజిస్ట్రేటు ముందుకు వస్తే, చెప్పిన తేదీకి స్వయంగా వెళ్ళాలి. వెళ్ళకపోతే అవతలివాడు చెప్పిందే నిజమని తీర్పు వస్తుంది. రుజువు లేని బాకీ కూడా, గడువు దాటిన బాకీ కూడా, మీరు రాలేదు కాబట్టి మీదే అయిపోతుంది. ఆ తీర్పు పదేళ్ళు బతికి ఉంటుంది. చాలా కుటుంబాలు ఓడిపోయేది వాదనలో కాదు, విప్పని కవరు దగ్గరే. ఇది నన్ను నిజంగా బాధపెడుతుంది, ఎందుకంటే ఇది పూర్తిగా మన చేతిలో ఉన్న పని.

తీర్పు వచ్చినా లోకం మునిగిపోదు. క్రెడిట్ కార్డు బాకీకి, ఆసుపత్రి బిల్లుకు మీ జీతం నుంచి నేరుగా కోత పెట్టించడం నార్త్ కరోలినాలో మామూలుగా కుదరదు. పన్నులు, ప్రభుత్వ విద్యారుణాలు, పిల్లల పోషణ ఖర్చు వేరు. ఇంటి విలువలో మీ వాటా 35,000 డాలర్ల దాకా, కారు మీద 3,500 డాలర్ల దాకా రక్షణ కోరవచ్చు. కోరడానికి ఫారం వస్తుంది, 20 రోజుల్లో నింపి ఇవ్వాలి. ఇవ్వకపోతే ఆ హక్కు చేజారే ప్రమాదం ఉంది. భార్యాభర్తలుగా ఇద్దరి పేరా కలిపి కొన్న ఇల్లు ఈ రాష్ట్రంలో సాధారణంగా ఒక్కరి అప్పుకు చిక్కదు. బ్యాంకు ఖాతాలో డబ్బుకు మాత్రం ఇంత భద్రత లేదు, దాన్ని స్వాధీనం చేసుకోగలరు. అందుకే ఈ దశకు రాకముందే లీగల్ ఎయిడ్ ఆఫ్ నార్త్ కరోలినానో, వినియోగదారుల కేసులు చూసే లాయరునో కలవండి.

ఆసుపత్రి బిల్లుల దగ్గర మన ఇళ్ళలో ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. వేసవిలో అమ్మానాన్నలు వస్తారు. ఆరు నెలలకు విజిటర్ ఇన్సూరెన్స్ తీసుకుంటాం. నాన్నకు ఛాతీలో నొప్పి వస్తుంది, ఎమర్జెన్సీకి తీసుకెళ్తాం. ఆయనకు బీపీ ముందునుంచే ఉంది కాబట్టి ఇది పాత జబ్బు అంటూ ఇన్సూరెన్స్ కంపెనీ చేతులెత్తేస్తుంది. బిల్లు వేలల్లో వస్తుంది. ఆ రాత్రి అడ్మిషన్ దగ్గర గ్యారంటర్ అన్న గడిలో కొడుకు సంతకం ఉంటే ఆ బిల్లు కొడుకుది కూడా. కంగారులో ఉన్నా సరే, ఏ గడిలో సంతకం పెడుతున్నారో చదవండి. భార్యాభర్తల సంగతి వేరు. ఒకరి అత్యవసర వైద్య ఖర్చుకు ఇంకొకరు బాధ్యులేనని నార్త్ కరోలినా సుప్రీంకోర్టు 1987లోనే తేల్చింది.

అయినా వెంటనే కార్డు గీకకండి. ముందు పద్దుల వారీ బిల్లు అడగండి. వేక్‌మెడ్, డ్యూక్ లాంటివి లాభాపేక్ష లేని ఆసుపత్రులు. ఇలాంటి ఆసుపత్రులు పన్ను మినహాయింపు నిలుపుకోవాలంటే ఆర్థిక సహాయ విధానం ఒకటి పెట్టి తీరాలి. మొదటి బిల్లు వచ్చిన 240 రోజుల దాకా దరఖాస్తు తీసుకోవాలి. 120 రోజులు గడవకుండా దావా వేయడం, క్రెడిట్ రిపోర్టుకు ఎక్కించడం లాంటి కఠిన చర్యలకు దిగకూడదు. 2024లో ఈ రాష్ట్రం ఇంకో అడుగు ముందుకు వేసింది. గవర్నర్ రాయ్ కూపర్ ప్రభుత్వం పెట్టిన పథకానికి అర్హత ఉన్న 99 ఆసుపత్రులూ ఆ ఆగస్టుకల్లా ఒప్పుకున్నాయి. తక్కువ, మధ్య ఆదాయాల వాళ్ళకు పాత వైద్య బాకీలు మాఫీ చేయడం, ఇక మీదట రాయితీలు ఇవ్వడం అందులో భాగం. మనకు వర్తించదులే అని ముందే తీర్మానించుకోకండి. ఉద్యోగం పోయిన ఏడాదిలో మీ ఆదాయం మీరు అనుకున్నంత పెద్దది కాదు.

ఇంకో ఫోను ఉంది. అది మోరిస్‌విల్‌లో మోగదు, గుంటూరులోనో కరీంనగర్‌లోనో నాన్న చేతిలో మోగుతుంది. ఎంఎస్ కోసం ఇల్లో స్థలమో తాకట్టు పెట్టి తెచ్చిన చదువు అప్పు. పిల్లాడికి ఇక్కడ ఉద్యోగం ఆలస్యమైంది, వాయిదాలు ఆగాయి, రికవరీ ఏజెంటు అక్కడ వాకిట్లో నిలబడ్డాడు. అప్పులవాడు గడపలో అరవడం మనకు ఎంత లోతైన భయమో చెప్పనక్కర్లేదు. 2010లో మైక్రోఫైనాన్స్ వసూళ్ళ ఒత్తిడి తట్టుకోలేక ఆత్మహత్యలు జరిగాకే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఆర్డినెన్స్ తెచ్చింది. 2015లో విజయవాడలో కాల్‌మనీ వడ్డీ వ్యాపారుల వేధింపుల వ్యవహారం బయటపడింది. 2020 చివర్లో తెలంగాణలో లోన్ యాప్‌ల వేధింపులకు ప్రాణాలు పోయాయి. అన్నిటిలోనూ వసూలు చేసినవాడి ఆయుధం ఒకటే, పదిమందిలో పరువు తీస్తామనడం.

అక్కడా హక్కులు ఉన్నాయి, నాన్నకు ఫోను చేసి చెప్పండి. రిజర్వు బ్యాంకు 2022 ఆగస్టులో ఇచ్చిన ఆదేశం ప్రకారం వసూలు ఏజెంట్లు ఉదయం 8 లోపు, రాత్రి 7 తర్వాత ఫోను చేయకూడదు, బంధువులనూ స్నేహితులనూ వేధించకూడదు. వచ్చినవాడిని గుర్తింపు కార్డు, బ్యాంకు ఇచ్చిన అధికార పత్రం చూపించమనండి. బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి, 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్ళండి. తాకట్టు ఆస్తి మీద సర్ఫేసీ చట్టం కింద నోటీసు వస్తే 60 రోజుల వ్యవధి ఉంటుంది. మీరు అభ్యంతరం రాస్తే బ్యాంకు 15 రోజుల్లో సమాధానం చెప్పాలి. స్వాధీనానికి దిగితే 45 రోజుల్లో డెట్ రికవరీ ట్రిబ్యునల్‌కు వెళ్ళవచ్చు, హైదరాబాదులోనూ విశాఖపట్నంలోనూ ఉన్నాయి. వీటన్నిటికంటే మంచిది, వాయిదా తప్పి 90 రోజులు దాటకముందే, అంటే ఖాతా నిరర్థక ఆస్తి కాకముందే, వాయిదాలు తగ్గించమని బ్యాంకుకు రాయడం. ఆ ఉత్తరం నాన్న రాయనక్కర్లేదు, అప్పు తీసుకున్న మీరు రాయండి.

నిజంగా తీసుకున్న బాకీ నిజంగా తీర్చాలి. అందులో నాకు రెండో మాట లేదు. ఇన్ని హక్కులు చెప్పింది ఎగవేత నేర్పడానికి కాదు, తీర్చేటప్పుడు నిటారుగా నిలబడి తీర్చడానికి. నెలకు ఎంత కట్టగలరో ఇంట్లో ఇద్దరూ కూర్చుని తేల్చండి. భర్తకు తెలియకుండా భార్య, భార్యకు తెలియకుండా భర్త దాచిన అప్పు వడ్డీ కంటే వేగంగా పెరుగుతుంది. ముందే ఫీజు తీసుకుని మీ బాకీలన్నీ సగానికి సగం తగ్గిస్తామనే కంపెనీల జోలికి పోకండి, ముందస్తు ఫీజు వసూలు నార్త్ కరోలినాలో నిషిద్ధం. లాభాపేక్ష లేని క్రెడిట్ కౌన్సెలింగ్ సంస్థలు వేరుగా ఉన్నాయి. వేధింపు ఎదురైతే రాష్ట్ర అటార్నీ జనరల్ కార్యాలయానికి ఫిర్యాదు చేయండి, నంబరు 1-877-566-7226.

సగానికి రాజీ కుదిరితే, ఎంత కడితే ఖాతా పూర్తిగా ముగుస్తుందో రాసిన ఉత్తరం చేతికి వచ్చాకే డబ్బు పంపండి. బ్యాంకు ఖాతా నుంచి వాళ్ళే తీసుకునే అనుమతి ఇవ్వకండి, చెక్కు మీరే పంపండి. మాఫీ అయిన మొత్తం 600 డాలర్లు కానీ అంతకు మించి కానీ ఉంటే మరుసటి ఏడాది 1099-సీ ఫారం రావచ్చు, దాన్ని ఆదాయంగా లెక్కించి పన్ను వేస్తారు. ఆ నాటికి మీ ఆస్తుల కంటే అప్పులే ఎక్కువని చూపగలిగితే ఆ పన్ను తప్పవచ్చు, పన్ను పత్రాలు చూసేవాళ్ళను అడగండి. రాజీ ఉత్తరం, చెక్కు నకలు, పోస్టాఫీసు రసీదు ఒకే కవరులో పెట్టి ఏడేళ్ళయినా దాచండి. తీరిపోయిన బాకీని కూడా ఎవరో కొని మళ్ళీ ఫోను చేస్తారు. అప్పుడు ఆ కవరు నకలు పంపి, ఇక నన్ను సంప్రదించవద్దని ఒక వాక్యం రాయండి. రాతలో వచ్చిన ఆ మాటను ఏజెన్సీ పాటించి తీరాలి.